చెవితో చదివించిన దాసుగారు

గుడుపల్లె: కోతలు ముగిసి చేలు ఖాళీ అయ్యే వేసవి రోజులలో కుప్పం, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలలోని ధర్మరాజుల గుళ్ల ముందు పందిళ్లు లేస్తాయి. పత్రికలలో మహాభారత మహోత్సవాలని రాసినా, ఊరివారి నోట అది ‘భారతం’ మాత్రమే. అది జరిగే మైదానం భారతం మిట్ట. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యాహ్న భోజనాలు ముగిశాక హరిదాసు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, మెడలో పూలదండతో నిలబడి ఆనాటి ఘట్టాన్ని కథగా చెబుతారు. అదే ఘట్టాన్ని కళాకారులు రాత్రి తెల్లవారేదాకా ఆడి చూపిస్తారు. మరునాడు పొలం గట్ల మీద, బావుల దగ్గర, ఆర్టీసీ బస్సులలో జనం దానినే తిరిగి చెప్పుకుంటారు.

విన్నది, చూసినది, తిరిగి చెప్పినది. పాఠం మనసుకు పట్టడానికి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో బోధించే క్రమం ఇంచుమించు ఇదే. భారతం మిట్ట మీద దీనిని ఎవరూ పాఠమని అనలేదు. అయినా సంతకానికి బదులు వేలిముద్ర వేసిన తరాల రైతులు సైతం పద్మవ్యూహంలోకి వెళ్లే దారి తెలిసి, వెలికి వచ్చే దారి తెలియని అభిమన్యుని గురించి తడుముకోకుండా చెప్పగలిగారు. కర్ణుని జన్మ రహస్యం, ద్రౌపది శపథం, ధర్మరాజు ఆడిన అబద్ధం వారికి పుస్తకంలోని సంగతులు కావు. ఇంటి సంగతులు.

ఈ చెవి చదువును తెలుగునాట ఒక శాస్త్రంగా, ఒక వృత్తిగా, చివరకు ఒక కళాశాల నడిపిన ఆచార్యుని గౌరవంగా నిలబెట్టిన వ్యక్తి ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడని లోకం పిలిచింది. ఆయనది మన జిల్లా కాదు. రాష్ట్రానికి ఆ చివరనున్న ఉత్తరాంధ్ర. అయినా ఇక్కడి పందిట్లో గజ్జె మోగినప్పుడు ఆయన కథ తెలుసుకోవలసిన అవసరం ఉంది. దాసుగారు హరికథను అందుకున్నది దక్షిణాది నుంచి వచ్చిన ఒక భాగవతార్ నోట. అక్కడికి రావడానికి ముందు ఆ కథ మరాఠా దేశం నుంచి తంజావూరికి, తంజావూరు నుంచి చెన్నపట్నానికి నడిచింది.

అమ్మే తొలి బడి

నారాయణదాసు 1864 ఆగస్టు 31న అజ్జాడ గ్రామంలో జన్మించారు. అప్పటి విశాఖపట్నం జిల్లా, తరువాతి విజయనగరం జిల్లా, 2022 పునర్విభజన తరువాత పార్వతీపురం మన్యం జిల్లా. తండ్రి వేంకటచయనులు, తల్లి నరసమాంబ. పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అన్నది లోకం నోట స్థిరపడిన పేరు.

తండ్రి పండితుడు. అయినా పిల్లవాని చెవిలో మొదట పడిన విద్య తల్లి చెప్పిన పురాణ కథలూ, ఆమె పాడిన పాటలూ, భాగవత పద్యాలూను. అక్షరాలు దిద్దే వయసుకే ఆ బాలునికి పోతన పద్యాలు అనేకం నోటికి వచ్చాయి. అయిదేళ్ల వయసులో తల్లితో వెళ్లి పుస్తకాల కొట్టులో భాగవతం కావాలని మారాం చేశాడట. అంత పెద్ద పుస్తకం ఈ పసివాడికెందుకని కొట్టువాడు నవ్వగా, అక్కడికక్కడే పద్యాలు రాగయుక్తంగా చదివి వినిపించాడట. కొట్టువాడు పుస్తకంతో పాటు కొంత డబ్బు కూడా చేతిలో పెట్టి పంపాడని దాసుగారి జీవితం రాసినవారందరూ చెబుతారు. ఇందులో అభిమానులు కలిపిన చక్కెర ఎంతో తేల్చలేము కానీ, పుస్తకం చేతికి రాకముందే అందులోని సారం పిల్లవానికి చేరిందన్నది మాత్రం ఆయన తరువాతి జీవితమంతా రుజువు చేసింది. మన ఇళ్లలో ఈనాడు జరుగుతున్నది దీనికి తలకిందులు. పుస్తకం ముందు వస్తుంది. చెప్పే నోరు ఆ తరువాత కూడా రాదు.

బొబ్బిలిలో వాసా సాంబయ్య వద్ద బాలుడు సంగీతం కొంత నేర్చుకున్నాడు. గురువు వద్ద కూర్చున్న కాలం స్వల్పం. తక్కినదంతా విని పట్టినది, సాధన చేసి నిలుపుకున్నది. తరువాత విజయనగరంలో న్యాయవాదిగా ఉన్న అన్నగారు తమ్ముని తీసుకువెళ్లి ఇంగ్లిషు బడిలో వేశారు. ఇంటిలో సంస్కృతం, తెలుగు, బడిలో ఇంగ్లిషు. పిల్లవాడు మూడింటినీ కాదనలేదు. ఆ వయసులో చేసిన అల్లరి, అలవరచుకున్న వ్యసనాలు ఆయనే ‘నా యెఱుక’ అనే ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు. పెద్దవారైన తరువాత తమ బాల్యాన్ని కడిగి తుడిచి చూపించే ఆత్మకథల నడుమ ఆ పుస్తకం వేరుగా కనిపిస్తుంది.

ఒక్క రాత్రితో మారిన దారి

1883లో చెన్నపట్నం వైపు నుంచి కుప్పుస్వామి నాయుడు అనే భాగవతార్ విజయనగరం వచ్చి హరికథ చెప్పారు. పందొమ్మిదేళ్ల ఈ విద్యార్థి వినడానికి వెళ్లాడు. ఒక్క మనిషి నిలబడి రాజు, బంటు, తల్లి, బిడ్డ అన్నీ తానే అయి, పాడుతూ, ఆడుతూ, మధ్యలో మామూలు మాటలతో జనాన్ని పలకరిస్తూ వేలమందిని కూర్చోబెట్టడం ఆ యువకుణ్ణి పట్టివేసింది. తనకు వచ్చిన సంగీతం, సాహిత్యం, నాట్యం, మాటకారితనం ఈ నాలుగూ ఒకే చోట కలిసే రంగం ఇదేనని తేల్చుకున్నాడు. కొద్దికాలంలోనే ధ్రువ చరిత్రను స్వయంగా రచించి, విజయనగరంలోని వేణుగోపాలస్వామి ఆలయంలో చెప్పాడు. ఆ తరువాత అంబరీషుడు, గజేంద్ర మోక్షం, ప్రహ్లాదుడు, సావిత్రి, హరిశ్చంద్రుడు, భీష్ముడు, రుక్మిణీ కల్యాణం వరుసగా వచ్చాయి. రామాయణాన్ని యథార్థ రామాయణం పేరిట హరికథలుగా కట్టారు. సంస్కృతంలో హరికథలు రాశారు, ఒక్క సంస్కృత పదం కలపని అచ్చతెలుగులోనూ రాశారు.

మొదటి కథకు ధ్రువుని ఎంచుకోవడం గమనించదగినది. తండ్రి ఒడిలో చోటు దక్కక, సవతి తల్లి మాటకు మనసు విరిగి అడవికి వెళ్లిన పిల్లవాని కథ అది. కూర్చున్నవారిలో వేదాంతం తెలిసినవారు పదిమంది ఉంటే, ఇంట్లో చిన్నబుచ్చిన పిల్లవాణ్ణి చూసినవారు వందమంది ఉంటారు. కథ ఆ వందమంది గుండెలోంచి బయలుదేరి తక్కిన పదిమంది దగ్గరకు వెళుతుంది. ఎదురుగా కూర్చున్నవానికి తెలిసిన చోట మొదలుపెట్టాలన్నది మంచి ఉపాధ్యాయులకు అనుభవం మీద తెలిసే సంగతి.

పిట్టకథలో ఉంది పాఠం

హరికథ నడక తెలియని ఈతరం వారికి రెండు మాటలు చెప్పాలి. దాసుగారు ముందుకు వచ్చి ప్రార్థన చేస్తారు. వెనుక వాయులీనం, మృదంగం, హార్మోనియం ఉంటాయి. కథ వచనంలో సాగుతుంది. భావం పెరిగిన చోట పద్యం, పాట, ద్విపద, మంజరి వస్తాయి. సభ కాస్త అలసినట్టు కనిపిస్తే, మధ్యలో గోవింద నామం చెప్పించి జనం గొంతు కలుపుతారు. అప్పటిదాకా వింటున్నవారు ఒక్క క్షణంలో కథలో భాగస్వాములవుతారు.

అన్నిటికంటె ముఖ్యమైనది పిట్టకథ. ప్రధాన కథ ఏ అడవిలోనో, ఏ కొలువులోనో ఉండగా దాసు దానిని అక్కడే ఆపి, ఊరిలోని పిసినారి గురించో, అత్తాకోడళ్ల గురించో, కోర్టుల చుట్టూ తిరిగి పొలం పోగొట్టుకున్న అన్నదమ్ముల గురించో ఒక చిన్న కథ ఎత్తుకుంటారు. జనం కడుపుబ్బ నవ్వుతారు. నవ్వు సద్దుమణిగే లోపల కథ మళ్లీ హస్తినాపురంలో ఉంటుంది. దుర్యోధనుడు అయిదూళ్లు కూడా ఇవ్వననడం ఎంత అన్యాయమో వేరే వివరించనక్కరలేదు. పక్కన కూర్చున్నవాడు అప్పటికే తన గట్టు తగాదాను తలచుకుని తలవంచుకుని ఉంటాడు.

పిట్టకథకు పుస్తకంలో చోటు ఉండదు. అది ఏ ఊరికి ఆ ఊరు, ఏ పూటకు ఆ పూట పుట్టాలి. ఎదురుగా ఉన్న ముఖాలను చదవగలిగినవాడే చెప్పగలడు. దాసుగారి కథలు అచ్చులో చదివితే కొన్ని చోట్ల సమాసాలు బరువుగా, కొండెక్కినట్టుగా ఉంటాయి. ఈ మాట దాచవలసిన పని లేదు. ఆయన పాండిత్యం సామాన్యుని భుజానికి మించినది. మరి పామరులు గంటల తరబడి ఎలా విన్నారు? అచ్చులో మిగిలినది సగం మాత్రమే గనుక. తక్కిన సగం ఆ గొంతులో, చేతి విసురులో, అడుగులో, ఆ పూట పుట్టి ఆ పూటే పోయిన మాటలలో ఉంది. పండితుడు పద్యానికి తల ఊపితే, పక్కనే ఉన్న పాలేరు అభినయానికి కన్నీరు పెట్టాడు. ఒకే పందిట్లో ఇద్దరికీ రెండు పాఠాలు.

దాసుగారి లయజ్ఞానం గురించి పాతతరం వారు ముక్కున వేలేసుకుని చెప్పేవారు. రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సు, ఈ అయిదింటితో అయిదు తాళాలను ఏకకాలంలో చూపేవారని ప్రసిద్ధి. పంచముఖీ పరమేశ్వరుడు, లయబ్రహ్మ అనే బిరుదులు అందుకు వచ్చినవే. అష్టావధానాలు చేశారు. వినయం ఆయన గుణాలలో ఒకటని ఎవరూ రాయలేదు. తన విద్య విలువ ఆయనకు బాగా తెలుసు. రాజుల ముందూ దానిని తగ్గించి చెప్పుకోలేదు.

మైసూరులో గొంతు, విజయనగరంలో కొలువు

మైసూరు మహారాజు చామరాజ ఒడెయార్ ఆస్థానంలో దాసుగారు పాడారు. ఆనాటికి వింత యంత్రమైన ఫోనోగ్రాఫు మీద ఆయన పాటను పట్టి వినిపించారని జీవిత చరిత్రకారులు రాశారు. అక్కడే ఆస్థానంలో ఉండిపొమ్మన్నా ఒప్పుకోలేదంటారు. పొరుగు రాజ్యంలో జరిగిన ఈ సన్మానం విన్న తరువాతనే సొంత ఊరి ప్రభువు ఆనంద గజపతి ఆయనను దగ్గరకు తీసుకుని ఆస్థాన విద్వాంసునిగా గౌరవించారు. ఇంటి వైద్యం మీద గురి కుదరడానికి ఇరుగుపొరుగు మెచ్చాలన్నది రాజులకూ తప్పలేదు.

చదువులోనూ ఆయన ఒక చోట ఆగలేదు. కాళిదాసు, షేక్‌స్పియరు ఇద్దరి రచనలలోని రసపోషణను పక్కపక్కన పెట్టి ‘నవరస తరంగిణి’ కూర్చారు. పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చారు. ఆ గ్రంథం 1932లో వెలువడింది. ఈసపు నీతి కథలను ‘నూఱుగంటి’ పేరుతో అచ్చతెలుగు చేశారు. గ్రీసు దేశపు బానిస చెప్పాడనే నక్క, ద్రాక్షపళ్ల కథలు, రాజాస్థానాలలో గండపెండేరం తొడిగిన పండితుని చేతిలో తెలుగు పల్లె మాటలుగా మారాయి. పిల్లలకు చెప్పే చిన్న కథను తన స్థాయికి తక్కువగా ఆయన తలచలేదు.

1919: రెండు ఊళ్లు

1919లో విజయరామ గజపతి విజయనగరంలో సంగీత కళాశాలను స్థాపించి దాసుగారిని తొలి అధ్యక్షునిగా నియమించారు. తెలుగునాట సంగీతానికి ఏర్పడిన తొలి కళాశాల అది. నోటి విద్యకు, గురువు ఇంటి అరుగు మీద నేర్చే విద్యకు ఒక భవనం, ఒక పాఠ్యక్రమం, ఒక హాజరుపట్టీ ఏర్పడ్డాయి. వాయులీన ఆచార్యునిగా ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే చేరారు. 1936లో దాసుగారు విరమించాక అధ్యక్ష స్థానం ద్వారం వారికి దక్కింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పేద విద్యార్థులు ఆ ఊరి ఇళ్లలో వారాలు చేసుకుని, మధూకరమెత్తుకుని చదువుకున్నారు. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ ఊరికి చేరి, పట్రాయని సీతారామశాస్త్రి వద్ద నేర్చుకున్నది తరువాతి కాలపు ముచ్చట.

ఆ 1919 ఫిబ్రవరిలోనే మన మదనపల్లెలో, దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాలలో బస చేసిన రవీంద్రనాథ టాగూరు జనగణమనను ఇంగ్లిషులోకి అనువదించారు. ఆ గీతానికి స్వరాలు కూర్చడంలో మార్గరెట్ కజిన్స్ పాలుపంచుకున్నారు. తెలుగు దేశపు రెండు చివరలలో ఒకే ఏడాది జరిగిన ఈ రెండింటికీ సంబంధం లేదు. అయినా ఉత్తరాన హరికథకుడు ఆచార్యుడవుతున్న వేళ, ఇక్కడ ఒక పాట బడిపిల్లల నోటికి చేరుతున్నదని తలచుకుంటే ముచ్చటగానే ఉంటుంది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా జీవితమంతా వేదిక మీద కూర్చుని నోటి మాటతోనే బోధించారు. ఆయన పుస్తకాలలో అధిక భాగం ఆ ప్రసంగాలను తరువాత అక్షరాలలో పెట్టినవే.

నారాయణదాసు 1945 జనవరి 2న విజయనగరంలో కన్నుమూశారు. వయసు ఎనభై.

బండి అదే, బరువు మారింది

ఆయన తరువాత హరికథ దేవుళ్ల దగ్గరే ఆగలేదు. ఆ శతాబ్దంలో గాంధీజీ జీవితాన్నీ, అంటరానితనాన్నీ, మద్యపాన నిషేధాన్నీ హరికథలుగా చెప్పినవారున్నారు. పక్కనే బుర్రకథ షేక్ నాజర్ చేతిలో పదునెక్కి పల్నాటి యుద్ధాన్నీ, బొబ్బిలి యుద్ధాన్నీ, బెంగాలు కరువునూ ఊరూరికీ మోసింది. కథ చెప్పే తీరు అలవాటైన జనం చెవి సిద్ధంగా ఉంది కాబట్టే ఆ కొత్త సంగతులు అంత త్వరగా పాకాయి. తూర్పు గోదావరి తీరాన కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల 1973లో మొదలైంది. అక్కడ నేర్చిన బాలికలు గజ్జె కట్టి వేదికలెక్కారు. మగవారి విద్యగా పేరుపడినది ఆడపిల్లల గొంతులో నిలబడింది.

మన పొలిమేరలో ఈ విద్యకు మరో చిక్కు, మరో సొగసు ఉన్నాయి. గుడుపల్లె మండలంలో తెలుగు, కన్నడం, తమిళం ఇరుగుపొరుగు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలియడానికి కారణం కూడా ఈ కలగలుపే. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, బడిలో మూడవ భాష మాట్లాడే పిల్లలు ఇక్కడ కొత్త కాదు. అటువంటి పిల్లవానికి అచ్చు పుస్తకంలోని వాక్యం పరాయిగా తోచవచ్చు. కానీ బకాసురుని కోసం అన్నం నింపుకుని వీధులలో తిరిగే బండి మీద భీముడు కూర్చుని కనిపించిన రోజున ఏ భాషవాడైనా వెంట పరుగెత్తుతాడు. అర్జునుడు తపస్సు మాను ఎక్కి పాశుపతం కోసం పాడుతుంటే కింద సంతానం కోరే స్త్రీలు ఆయన విసిరే నిమ్మపండ్ల కోసం కొంగు పట్టి ఎదురుచూస్తారు. చివరి రోజున మట్టితో చేసిన భారీ దుర్యోధనుని తొడ పగులుతుంది. ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. ఇంతటి పాఠ్యోపకరణాలు ఏ బడిలో ఉన్నాయి?

ఈ మండలంలోనే గుడివంక వద్ద అగస్త్య ఫౌండేషన్ వారి 172 ఎకరాల ప్రాంగణంలో పల్లె బడుల పిల్లలు విజ్ఞానశాస్త్రాన్ని చేతితో తాకి, చేసి చూసి నేర్చుకుంటున్నారు. కంటికీ చేతికీ పని చెప్పిన ఆ పద్ధతి మెచ్చుకోదగినదే. చెవి మాత్రం ఖాళీగా ఉంది. ఒకప్పుడు రాత్రి భోజనాల తరువాత నులక మంచం మీద అవ్వ చెప్పే కథకు పిల్లలు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగుతుంది. ఎవరు వింటున్నారో, ఎవరు నిద్రపోయారో అవ్వకు చీకట్లోనే తెలిసేది. ఉపాధ్యాయునికి తరగతి నాడి చూసుకోవడానికి అంతకంటె తేలికైన సాధనం లేదు. అయినా బడిలో ఊ కొట్టే పిల్లవాడు అల్లరివాడి కింద లెక్క. టీవీలోనూ సెల్‌ఫోన్‌లోనూ వచ్చే కథకు ఊ కొట్టనక్కరలేదు. వినేవాడు నిద్రపోయినా అది సాగిపోతూనే ఉంటుంది.

భారతం ఖర్చు పెరిగింది. పద్దెనిమిది రోజులు పందిరి, నాటక బృందం, హరిదాసు సంభావన, అన్నదానం అన్నీ ఊరి చందాల మీదనే నడవాలి. బెంగళూరు రైలెక్కి పనులకు వెళ్లిన యువకులు చివరి రోజుకు, దుర్యోధన వధకు, అగ్నిగుండానికి సెలవు పెట్టి వస్తారు. పగటి హరికథకు పందిట్లో కూర్చునేది ముఖ్యంగా వృద్ధులు, స్త్రీలు. వారి ఒడిలో, పక్కన, పందిరి గుంజను పట్టుకుని తిరిగే పిల్లలు.

సాయంత్రం పొద్దు వాలుతుండగా హరిదాసు కథను సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆపుతారు. పాచికలు చేతిలోకి తీసుకున్న శకుని ఇంకా వాటిని వేయలేదు. మంగళం పాడి, గజ్జెలు విప్పి, తక్కినది రాత్రి నాటకంలో చూడమని చెప్పి దిగిపోతారు. పెద్దవాళ్లు చాపలు చుట్టుకుని పాలు పిండే వేళయిందని లేస్తారు. పిల్లలు మాత్రం పాచికలు ఏమి పడ్డాయో చెప్పమని ఇంటిదాకా వెంటపడి అడుగుతూనే ఉంటారు.